పొలం కింద గ్యాస్ ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

(కోనసీమలో ఒక గ్రంథాలయం ఏర్పాటు చేసిన సభలో, చమురు అన్వేషణ రంగంలో పనిచేసి విరమించిన భూభౌతిక శాస్త్రవేత్త చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసి ఇస్తున్నాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ పిల్లలు ముందుకు రండి, ఇక్కడ చాపలు ఖాళీగానే ఉన్నాయి. అధ్యక్షులవారు నన్ను పరిచయం చేస్తూ "భూమి లోపలి చమురును చూడగలిగిన మనిషి" అన్నారు. అంత మాట అన్నాక ఊరుకుంటే ఒప్పుకున్నట్టవుతుంది. భూమి లోపల చమురును నేను చూడలేదు. నాకు పని నేర్పినవారూ చూడలేదు. ఇవాళ పెద్ద పెద్ద కంప్యూటర్ల ముందు కూర్చున్న కుర్రవాళ్లూ చూడటం లేదు. మేము వింటాం. విన్నదాన్నిబట్టి ఊహిస్తాం. ఊహ నిజమో కాదో బావి తవ్వి తెలుసుకుంటాం. బావి చెప్పింది పట్టుకుని వెనక్కి వచ్చి, మొదట విన్నదాన్ని మళ్లీ వింటాం. ఈ రాకపోకలే మా వృత్తి.

ముందు ఒక భ్రమ తీసేద్దాం. భూమి కింద చమురు చెరువులా నిలిచి ఉంటుందని చాలామంది అనుకుంటారు. అలా ఉండదు. రాతిలో ఉంటుంది. ఇసుకరాయి చేతిలోకి తీసుకుంటే గట్టిగానే కనిపిస్తుంది, కానీ రేణువుకీ రేణువుకీ మధ్య కంటికి ఆనని ఖాళీలుంటాయి. మంచి ఇసుకరాయిలో నూటికి ఇరవై, ఇరవై అయిదు వంతులు ఖాళీయే. ఆ ఖాళీల్లో చాలాచోట్ల ఉప్పునీరు ఉంటుంది. అదృష్టం బాగుంటే ఆ నీటిని పక్కకు నెట్టి గ్యాసో, చమురో చేరుతుంది. అది పైకి పారిపోకుండా దాని మీద చొరబడనివ్వని బంకరాయి, అంటే షేల్, మూతలా ఉండాలి. పొరలు వంగో, విరిగో పక్కలకు పోయే దారి మూసుకుపోవాలి. ఇవన్నీ ఉంటే సరిపోతుందా? సరిపోదు. గ్యాస్ బయలుదేరే వేళకి ఆ ఏర్పాటు సిద్ధంగా ఉండాలి, ఆ తర్వాతా చెదరకుండా నిలవాలి. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

ఇవన్నీ మన దగ్గర ఉన్నాయా అంటే, ఉన్నాయి కాబట్టే 1978లో నరసాపురంలో తవ్విన మొదటి బావిలో గ్యాస్ జాడ కనిపించింది. మన పొరలకు మన ఊళ్ల పేర్లే పెట్టారు, తెలుసా? రాఘవాపురం షేల్, గొల్లపల్లి ఇసుకరాయి, మండపేట ఇసుకరాయి, పాశర్లపూడి, మత్స్యపురి, రాజోలు, రవ్వ. ప్రపంచంలో ఎక్కడి భూగర్భ శాస్త్రవేత్త అయినా కృష్ణా గోదావరి బేసిన్ గురించి రాయాలంటే ఈ పేర్లు రాయక తప్పదు. వాళ్లు పలికే తీరు వింటే మీకు నవ్వొస్తుంది, అది వేరే సంగతి.

సరే, వినడం దగ్గరికి వద్దాం. కొబ్బరికాయను వేలితో మీటి లోపల నీళ్లున్నాయో లేదో చెప్పగలిగినవాళ్లు ఎంతమంది ఉన్నారిక్కడ? చేతులెత్తండి. చూశారా, సగం సభ! పగలగొట్టకుండానే చెబుతారు. మేము చేసేదీ ఆ పనే. కాకపోతే మా కాయ మందం నాలుగైదు కిలోమీటర్లు, మీటడానికి పేలుడు మందు కావాలి.

మీ పొలాల్లోకి సర్వే వాళ్లు వచ్చినప్పుడు చూసే ఉంటారు. గట్ల వెంట, కొబ్బరితోటల్లోంచి, కాలవలు దాటించి తీగలు పరుస్తారు. తీగ పొడవునా వరసగా చిన్న డబ్బాలు, ఒక్కొక్కదాని కింద మేకు. ఆ మేకును కాలితో నేలలోకి తొక్కుతారు. దాని పేరు జియోఫోన్. నేల ఎంత సన్నగా కదిలినా పసిగడుతుంది. గేదె నడిచినా పసిగడుతుంది, గాలికి కొబ్బరిచెట్టు వేళ్లు కదిలినా పసిగడుతుంది, రోడ్డు మీద లారీ పోయినా పసిగడుతుంది. అందుకే "మీ మోటారు ఒక్క పావుగంట ఆపండి" అని మిమ్మల్ని బతిమాలేది. తర్వాత సన్నటి గుంట తవ్వి, అడుగున మందు పెట్టి పేలుస్తారు. పైన వినబడేది ఒక మూలుగు లాంటి చప్పుడు, కాస్త బురదనీరు పైకి చిమ్ముతుంది, అంతే. కానీ ఆ కంపనం కిందకు పోయి, ఒక పొర నుంచి వేరే రకం పొర మొదలైన ప్రతి చోటా కొంత వెనక్కి తిరుగుతుంది. కొంత వెనక్కి, మిగతాది ఇంకా కిందకు. అలా నాలుగైదు సెకన్ల పాటు తిరిగొచ్చినవన్నీ రాసుకుంటాం. దీన్నే సైస్మిక్ సర్వే అంటాం. గట్టి నేల ఉన్నచోట మందుకు బదులు నేలను అదిమి కంపింపజేసే లారీలు వాడతారు. సముద్రంలో అయితే ఓడ వెనక గాలి తుపాకులు.

ఈ పద్ధతి ఎక్కడో ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1921లో అమెరికాలోని ఓక్లహామాలో కార్చర్ అనే భౌతిక శాస్త్రవేత్త, ఆయన తోటివారు చేసి చూపించారు. మొదటి ప్రపంచ యుద్ధంలో శత్రువుల ఫిరంగులు ఎక్కడున్నాయో చప్పుడునుబట్టి కనిపెట్టే పని ఉండేది. ఆ ఆలోచనే భూమి వైపు తిరిగింది.

ఇప్పుడు అసలు చిక్కు. తిరిగొచ్చిన ప్రతిధ్వనిలో మాకు తెలిసేది ఏమిటి? కాలం. కేవలం కాలం. రెండు సెకన్లకు ఒక బలమైన ప్రతిధ్వని వచ్చింది. ఆ పొర ఎంత లోతున ఉంది? చెప్పండి, ఇంజినీరింగు పిల్లలు ఉన్నారుగా. వెళ్లడానికి ఒక సెకను, రావడానికి ఒక సెకను. శబ్దం సెకనుకు 3,000 మీటర్లు పోతే లోతు 3,000 మీటర్లు. 2,800 మీటర్లే పోతే? లోతు 2,800. మధ్యలో 200 మీటర్ల తేడా వచ్చేసింది. మేము వెతికే మడత, అంటే పొరలు వంగి పైకి లేచిన చోటు, దాని ఎత్తు ఎంతుంటుందనుకుంటున్నారు? చాలాసార్లు నలభై, యాభై మీటర్లు. అంటే మన లెక్కలో తప్పు మనం వెతికేదానికంటే నాలుగింతలు ఉండొచ్చు. లేని మడత ఉన్నట్టు కనిపిస్తుంది, ఉన్నది చదునైపోతుంది.

మరి శబ్దం ఎంత వేగంతో పోతుందో ఎవరు చెప్పాలి? పై నుంచి కొంతవరకు అంచనా కట్టవచ్చు. ఖాయంగా చెప్పగలిగేది మాత్రం బావి ఒక్కటే. అందుకే నేను ఎప్పుడూ అంటుంటాను, బావి లేని సైస్మిక్ మ్యాపు సంతకం లేని దస్తావేజు.

బావి ఎలా మాట్లాడుతుంది

బావి తవ్వుతున్నప్పుడే మాట్లాడటం మొదలుపెడుతుంది. రిగ్గు, అంటే తవ్వే యంత్రం, తిరుగుతుంటే పైపులోంచి బురదను కిందకు పంపిస్తారు. అది రాతి పలుకులను మోసుకుని బయటి వైపునుంచి పైకి వస్తుంది. జల్లెడ మీద ఆ పలుకులు పట్టి, కడిగి, సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసే మనిషి ఒకరు పగలూ రాత్రీ ఉంటారు. బురదలో గ్యాస్ ఎంత వస్తోందో యంత్రం రాస్తుంటుంది. అతినీలలోహిత దీపం కింద పెడితే నూనె తగిలిన ఇసుక పలుకు పసుపుగా మెరుస్తుంది. ఆ మెరుపు చూసిన రాత్రి రిగ్గు మీద ఎవరికీ నిద్ర పట్టదు.

తర్వాత లాగింగ్. పొడవాటి పరికరాన్ని తీగకు కట్టి బావి అడుగుదాకా దించి, పైకి లాగుతూ కొలుస్తారు. 1927 సెప్టెంబరులో ఫ్రాన్స్‌లోని పెషెల్‌బ్రాన్ దగ్గర ష్లంబర్జె సోదరుల బృందం మొదటిసారి ఈ పని చేసింది. అప్పుడు ఒక్కొక్క చోట ఆపి, కొలిచి, చేత్తో చుక్కలు పెట్టి గీత గీశారు. కొలిచింది ఒక్కటే, రాయి విద్యుత్తును ఎంత అడ్డుకుంటుందని. ఎందుకది? ఉప్పునీరు విద్యుత్తును పోనిస్తుంది. చమురు పోనివ్వదు, గ్యాస్ పోనివ్వదు. ఒకే ఇసుకరాయిలో నిరోధం హఠాత్తుగా పెరిగిందంటే ఖాళీల్లో నీరు కానిదేదో ఉందన్నమాట. 1942లో ఆర్చీ అనే ఆయన దీనికి ఒక సూత్రం కట్టాడు. ఎనభై ఏళ్లు దాటినా ఇప్పటికీ మా లెక్కలు అక్కడి నుంచే మొదలవుతాయి.

ఇప్పుడు అలాంటి గీతలు చాలా వచ్చాయి. గామా కిరణాల గీత ఇసుక ఏదో షేల్ ఏదో చెబుతుంది. శబ్దవేగం గీత ఉంది. సాంద్రత గీత, న్యూట్రాన్ గీత ఉన్నాయి. ఈ రెండింటి గురించి కొంచెం నిదానంగా చెప్తాను, ఎందుకంటే మా పనిలో నాకు బాగా ఇష్టమైన ఘట్టం ఇదే. రెండూ రాతిలో ఖాళీ ఎంతుందో చెప్పేవే. సాంద్రత పరికరం బరువునుబట్టి చెబుతుంది. న్యూట్రాన్ పరికరం హైడ్రోజన్ ఎంతుందో చూసి చెబుతుంది. ఖాళీలో నీరుంటే ఇద్దరూ దాదాపు ఒకే మాట చెబుతారు. గ్యాస్ ఉందనుకోండి, అది తేలిక. సాంద్రత పరికరం "అబ్బో, ఖాళీ చాలా ఉంది" అంటుంది. గ్యాస్‌లో హైడ్రోజన్ పలచన కాబట్టి న్యూట్రాన్ పరికరం "ఖాళీయా, ఎక్కడుంది?" అంటుంది. ఇద్దరికీ తగువు. కాగితం మీద రెండు గీతలు ఒకదాన్నొకటి దాటి విడిపోతాయి. ఆ మధ్య జాగాను మేము ఎర్ర పెన్సిలుతో నింపేవాళ్లం. ఇద్దరు సాక్షులు కొట్టుకుంటేనే మాకు నిజం తెలుస్తుంది, కోర్టులో ఎలాగో నాకు తెలియదు.

అయితే ఈ గీతలు కూడా మోసం చేస్తాయి. మన రాఘవాపురం షేల్‌లో ఒక భాగముంది. గామా ఎక్కువ, నిరోధమూ ఎక్కువ. కొత్తవాళ్లు నిరోధం చూసి ఉబ్బిపోతారు. కానీ అది సేంద్రియ పదార్థం దండిగా ఉన్న బంకరాయి, చమురు పుట్టే చోటే తప్ప బావి పెట్టి తోడుకునే చోటు కాదు. దీనికి సరిగ్గా ఎదురు సంగతి సముద్రంలోని కుర్ర పొరల్లో ఉంది. అంగుళాల మందాన ఇసుక, బంక, ఇసుక, బంక అని పేర్చినట్టుంటుంది. ఇసుకలో గ్యాస్ ఉన్నా, మధ్యలోని బంక విద్యుత్తును పోనిచ్చేస్తుంది కాబట్టి గీత అడుగునే ఉండిపోతుంది. ఇలాంటివాటిని "నీళ్లే" అని వదిలేసి వెళ్లిపోయే ప్రమాదం ఉంటుంది.

ఇప్పుడు పెళ్లి చేయాలి. దేనికి దేనితో? సైస్మిక్ కాలంలో ఉంది, బావి మీటర్లలో ఉంది. బావిలోని శబ్దవేగం గీతనూ సాంద్రత గీతనూ కలిపి, "ఈ బావి దగ్గర ప్రతిధ్వని వస్తే ఎలా ఉండాలి" అని ఒక కృత్రిమ ప్రతిధ్వని తయారుచేస్తాం. దాన్ని అసలు సర్వేలో వచ్చిన ప్రతిధ్వని పక్కన పెట్టి కిందకు పైకి జరుపుతాం. కాస్త కిందకు, కాస్త పైకి. శిఖరానికి శిఖరం, లోయకు లోయ కుదిరాయా? కుదిరితే, ఈ మెరిసే గీత ఫలానా షేల్ పైభాగం అని పేరు పెట్టవచ్చు. పేరు పెట్టాక ఆ గీతను పట్టుకుని పక్క ఊరి కిందకు, ఆ పక్క ఊరి కిందకు నడుచుకుంటూ పోతాం. కుదరకపోయినా బలవంతాన కుదిర్చేవాళ్లు ఉంటారు. కంప్యూటర్‌లో గీతను కొంచెం సాగదీస్తే అన్నీ కుదురుతాయి, అది సులువు. పై అధికారికి మ్యాపు రేపు పొద్దున్నకల్లా కావాలంటే మరీ సులువు.

ఇంకో సంగతి, ఈ రెండింటి చూపు ఒకటి కాదు. లాగ్, అంటే బావిలో కొలిచిన గీత, అరమీటరు మందం పొరను కూడా పడుతుంది, కానీ బావి చుట్టూ కొద్ది అడుగుల వరకే. సైస్మిక్ కిలోమీటర్ల మేర పరుచుకుంటుంది, కానీ ఆ లోతున పాతిక మీటర్లకంటే పలచని పొరలు దానికి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఒకరికి వివరం తెలుసు, విస్తీర్ణం తెలియదు. ఇంకొకరికి విస్తీర్ణం తెలుసు, వివరం తెలియదు.

మెరిసిందల్లా

రాజమండ్రి వైపువాళ్లు ఎవరైనా ఉన్నారా? కాతేరు, పంగిడి క్వారీల్లో నల్లరాయి చూశారుగా, మన రోడ్లన్నీ ఆ కంకరే. అది సుమారు ఆరున్నర కోట్ల ఏళ్లనాటి లావా. పడమటి కనుమల వైపు నుంచి దాదాపు వెయ్యి కిలోమీటర్లు పారి వచ్చిందని శాస్త్రజ్ఞుల్లో గట్టి అభిప్రాయం ఉంది. అక్కడ నేల మీద కనిపించే ఆ రాయే ఇటు వచ్చేసరికి వేల మీటర్ల లోతుకు దిగిపోయింది. మేము రాజోలు పొర అంటాం. సైస్మిక్‌కు ఇది పెద్ద తలనొప్పి. పంపిన శక్తిలో చాలాభాగాన్ని పైనుంచే తిప్పికొడుతుంది. పైగా దానిలో శబ్దం పరుగెత్తుతుంది కాబట్టి, లావా మందంగా ఉన్నచోట కింది పొరల ప్రతిధ్వని ముందుగా వచ్చి, అక్కడ మడత ఉన్నట్టు భ్రమ పుట్టిస్తుంది. అక్కడ బావి వేస్తే మడతా ఉండదు, గ్యాసూ ఉండదు.

లోతు సముద్రంలో కథ వేరు. అక్కడ పొరలు కుర్రవి, మెత్తనివి. ఇసుకలో గ్యాస్ చేరితే శబ్దవేగం పడిపోతుంది, ప్రతిధ్వని ధగధగా మెరుస్తుంది. దాన్ని బ్రైట్ స్పాట్ అంటాం. అది చూసి బావి వేస్తే చాలుగా? చాలదు. ఖాళీల్లో గ్యాస్ నూటికి నాలుగైదు వంతులున్నా వేగం పడిపోతుంది, డెబ్బై వంతులున్నా పడిపోతుంది. మెరుపు దాదాపు ఒకేలా ఉంటుంది. ఒకటి వ్యాపారం, ఇంకొకటి సోడా బుడగలు.

మీరందరూ కాకినాడ దగ్గర గాడిమొగ టెర్మినల్ గురించి విన్నారు. అక్కడికి గ్యాస్ వచ్చేది సముద్రంలోని రిలయన్స్ వాళ్ల డీ6 బ్లాకు నుంచి. 2002లో గ్యాస్ దొరికింది. మెరుపులు నిజం, గ్యాస్ నిజం, బావులు చెప్పిందీ నిజం. 2009 ఏప్రిల్‌లో గ్యాస్ ఒడ్డుకు వచ్చింది. రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్లు వస్తుందన్నారు. 2010లో 6 కోట్లు దాటి, అక్కడి నుంచి జారడం మొదలైంది. ఆ బ్లాకులోని ధీరూభాయ్ 1, 3 క్షేత్రాల్లో తీయగలిగే గ్యాస్ సుమారు 10 లక్షల కోట్ల ఘనపుటడుగులని వేసిన లెక్క తర్వాత 3 లక్షల కోట్ల దగ్గరికి దిగింది. 2020 ఫిబ్రవరిలో ఆ రెండు క్షేత్రాలూ మూతపడ్డాయి. అదే ఏడాది డిసెంబరులో అదే బ్లాకులోని వేరే క్షేత్రం నుంచి మళ్లీ ఉత్పత్తి మొదలైంది, అది కూడా చెప్పాలి.

ఎందుకు జారింది? చాలినన్ని బావులు వేయలేదని ప్రభుత్వం, భూగర్భమే అనుకున్నట్టు లేదని కంపెనీ. తగువు మధ్యవర్తిత్వం దాకా వెళ్లింది. నేను ఎవరి వకీలునూ కాదు. నాకు ఆసక్తి ఒక్కటే. అక్కడి ఇసుక సముద్రపు అడుగున పారిన పాత కాలవల్లో మేట వేసింది. సైస్మిక్‌లో ఒకే మెరుపుగా కనిపించే కాలవ లోపల ఎన్నో చిన్న చిన్న ముక్కలు ఉండవచ్చు. ఒక ముక్కలోని గ్యాస్ పక్క ముక్కలోని బావికి వస్తుందా? మధ్యలో ఉన్నది పలచని బంక అయితే సైస్మిక్‌కు అది కనబడదు, ఇందాక పాతిక మీటర్లని చెప్పాను. బావి తన ముక్క గురించే చెబుతుంది. ఈ ముక్కలు కలిసి ఉన్నాయో లేదో తేల్చేది కొన్నేళ్ల ఉత్పత్తి, పడిపోయే పీడనం. అప్పటికి పైపులైన్లు వేసేసి ఉంటారు. అందుకే పేపర్లో "ఇన్ని లక్షల కోట్ల ఘనపుటడుగులు" అని ఒక్క అంకె వేస్తే నేను నమ్మను. కనీసం ఎంత, గరిష్ఠం ఎంత అని రెండు అంకెలు చెప్పమనండి. రెండు అంకెల మధ్య ఎంత దూరముంటే వాళ్లకు అంత తక్కువ తెలుసన్నమాట.

ఇందాక గుర్తుపెట్టుకోమన్న మాట ఒకటుంది, ఏర్పాటు సిద్ధంగా ఉండి చెదరకుండా నిలవాలని. 1983లో అలాస్కా ఉత్తరాన సముద్రంలో మక్లక్ అని ఒక బావి వేశారు. ఆ దగ్గరలోనే ప్రూడో బే, అమెరికాలోకెల్లా పెద్ద క్షేత్రం. మడత దివ్యంగా ఉంది, సైస్మిక్ అద్భుతంగా ఉంది. ఆ హక్కుల కోసమే కంపెనీలు వంద కోట్ల డాలర్లకు పైగా పోశాయి. తవ్వితే మడత ఉంది, ఇసుక ఉంది, ఇసుకకు నూనె మరకలు కూడా ఉన్నాయి. నూనె లేదు. ఎప్పుడో ఉండేది, కారిపోయింది. సైస్మిక్ అబద్ధం చెప్పలేదు, ఆకారం ఉందంది, ఆకారం ఉంది. ఖాళీ ఇల్లో, మనుషులున్న ఇల్లో దాన్ని ఎవరూ అడగలేదు.

పాశర్లపూడి గురించి చెప్పకుండా కోనసీమలో ఈ ప్రసంగం ముగించలేను. 1995 జనవరి 8న అక్కడి గ్యాస్ బావిలో మొదలైన ఆ మంట 65 రోజులు ఆరలేదు. మీలో కొందరు ఇళ్లు వదిలి వెళ్లినవాళ్లే. ఆ సంఘటన కారణాల్లోకి నేను వెళ్లను. కానీ ఈ డేటాకు గ్యాస్ వెతకడం ఒక్కటే పని కాదని మాత్రం చెప్పాలి. మన బేసిన్‌లో కొన్ని పొరల్లో నీరు బయటికి పోలేక చిక్కుకుని పీడనం విపరీతంగా ఉంటుంది. అలాంటి బంకరాయిలో శబ్దం ఉండాల్సినదానికంటే నెమ్మదిగా పోతుంది. మామూలుగా లోతు పెరిగేకొద్దీ వేగం పెరగాలి. పెరగడం ఆగి తగ్గుతోందంటే, కింద ఏదో బిగబట్టుకుని ఉంది, దాన్ని అదిమి ఉంచడానికి బావిలోకి పంపే బురద బరువు పెంచు అని హెచ్చరిక. బావి వేయకముందే సైస్మిక్ నుంచి ఆ హెచ్చరిక తీసుకోవచ్చు. తవ్వుతూ తవ్వుతూ లాగ్‌తో సరిచూసుకోవచ్చు. గ్యాస్ దొరకకపోతే పోయేది డబ్బే. పీడనం అంచనా తప్పితే ఏం పోతుందో మీకు నేను చెప్పాలా?

ఇక్కడికి వచ్చేముందు ఒక రైతు అడిగారు, అదిగో అక్కడ కూర్చున్నారు. "మా నాన్న ఉన్నప్పుడు ఒకసారి సర్వే చేశారు, ఇప్పుడు మళ్లీ వచ్చారు, అప్పుడు చేసింది వృథాయేనా" అని. వృథా కాదండీ. అప్పటిది టూ డీ. కిలోమీటర్ల ఎడంతో ఒక్కో గీత వెంట విన్నారు. గీతకూ గీతకూ మధ్య ఏముందో ఊహే. ఇప్పటిది త్రీ డీ, ఇరవై అయిదు మీటర్లకొక చోట వింటారు. పైగా ఆ పాత టేపులను పారేయరు. అప్పటి రికార్డింగునే కొత్త కంప్యూటర్లలో, మధ్యలో తవ్విన బావుల వేగాలు పెట్టి, మళ్లీ మథిస్తే అప్పుడు కనబడనివి కనబడతాయి. 2017 నుంచి దేశంలోని ఈ డేటానంతా ఒకచోట చేర్చి ఉంచే జాతీయ భాండాగారం నడుస్తోంది. మీ నాన్నగారి పొలం గట్టు మీద పేలిన మందు ప్రతిధ్వనిని ఇవాళ ఇంకెవరో వింటూ ఉండవచ్చు.

రెండో ప్రశ్న కూడా అడిగారు, కింద గ్యాస్ ఉంటే మాకేమైనా వస్తుందా అని. నేల పైభాగం మీది. కింద ఉన్న చమురు, గ్యాస్ మీవి కావు, చట్టం అలా ఉంది. సర్వేలో తొక్కిన పంటకు పరిహారం వస్తుంది. అది మాత్రం తీగలు పరచకముందే చేను ఫొటో తీయించి, ఎన్ని సెంట్లు, ఏ పంట అని రాయించుకోండి. తర్వాత అడిగితే ఎవరి లెక్క వారిదే. టీ వస్తున్నట్టుంది, ఇక మీరు అడగండి.